తియాన్‌సెంగ్ మైకు సెట్టుకు సర్కారు దిగొచ్చిన వైనం

తియాన్‌సెంగ్ నోరు తెరిచాడంటే తైనాన్ పట్నం చేపల సంతలో ఆడవాళ్ళు తూకం ఆపి మరీ వింటారు. ముప్పయ్యేళ్ళుగా గుళ్ళ ఉత్సవాలకూ పాట కచేరీలకూ మైకు సెట్టు కట్టే మనిషి. ఆవేళ మధ్యాహ్నం హోక్‌సుయి టీ కొట్టు ముందు ప్లాస్టిక్ పీట లాక్కుని కూర్చున్నాడంటే ఊరికే కాదు. ఎదురుగా ఉన్న ఖాంగ్ పెద్దాయన సముద్రపుటొడ్డు గుడికి కమిటీ పెద్ద. ఈసారి ఉత్సవానికి మైకు పని ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి వచ్చాడు. పక్క ఊరి కొత్త కంపెనీవాళ్ళు తాము చేసిన పనులన్నీ రంగుల పుస్తకంగా అచ్చేసి చూపించారట. తియాన్‌సెంగ్ దగ్గర పుస్తకం లేదు. నోరుంది.

"అంటువ్యాధి రోజుల్లో స్టేజీవాళ్ళంతా చితికిపోయారు కదా, నువ్వెలా నిలబడ్డావు?" అనడిగాడు ఖాంగ్, బూడిదగుమ్మడి టీ చప్పరిస్తూ.

"మంచి మాట అడిగారు పెద్దాయనా! ఉత్సవాల్లేవు, పెళ్ళి విందుల్లేవు, మైకు ముట్టుకునేవాడే లేడు. అప్పుడు సర్కారు మా స్టేజీవాళ్ళకి సాయం ప్రకటించింది కదా. నేనేం చేశాననుకున్నారు? నాలుగు పేజీల దరఖాస్తు నిలబడి నింపేశాను, ఒక్క కొట్టివేత లేకుండా."

"నీ సంతకమే నీకు రెండుసార్లు ఒకలా రాదు కదన్నా?" అన్నాడు హోక్‌సుయి గ్లాసులో మంచుముక్కలు వేస్తూ.

"నువ్వు టీ సంగతి చూసుకో. పెద్దాయనా, కౌంటరులో అమ్మాయి 'మీరు స్టేజీ మనిషేననడానికి రుజువేదీ' అంది. రుజువా అని బయటికెళ్ళి, బండిలోంచి రెండు స్పీకర్లు దింపి ఆఫీసు ముంగిట్లో నిలబెట్టాను. సౌండు ఒకటో నంబరులో పెట్టి ఊరికే దగ్గాను, అంతే, కిటికీ అద్దాలు గలగలలాడాయి. రెండో నంబరు పెట్టి నమస్కారం అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" ఖాంగ్ ముందుకు వంగాడు. ఆ వంగడం చూసి తియాన్‌సెంగ్‌కి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"బీరువాల్లో ఫైళ్ళన్నీ పావురాల్లా లేచి, గదిలో మూడు చుట్లు తిరిగి, ఇంటిపేర్ల వరసలో బల్ల మీద వాలాయి. రబ్బరుముద్రలు వాటంతటవే ఎగిరెగిరి పడ్డాయి! నా ఒక్కడిదేనా? పాటగత్తెలు, చేతిబొమ్మలాటవాళ్ళు, లైట్లవాళ్ళు, దీవిలో ఉన్న అందరివీ మంజూరు! మూడో నంబరు పెట్టేసరికి రాజధాని తైపేలో ఒక పెద్ద అధికారి టీకప్పు నడుచుకుంటూ బల్ల అంచుదాకా వెళ్ళిందట. ఆయన ఫోన్ చేసి, 'ఎంత కావాలంటే అంతిస్తాం, ఆ తైనాన్ ఆయన్ని నాలుగు మాత్రం పెట్టొద్దనండి' అని బతిమాలాడు."

"పెట్టలేదు కదా?"

"పెట్టకుండా ఉంటానా! ఊళ్ళో ఉన్న రోగమంతా మూటాముల్లే సర్దుకుని సముద్రంలో దూకింది. మూడ్రోజులు చేపలు తుమ్ముతూనే ఉన్నాయి, కావాలంటే జాలర్లనడగండి!"

హోక్‌సుయి పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్క బెంచీ మీద వేరుశనగ పాకం ఉండ నములుతున్న బీగియోక్ మాత్రం నవ్వలేదు. నలభయ్యేళ్ళుగా స్టేజీ మీద పాడుతున్న మనిషి.

"చేపల సంగతి నాకు తెలీదు గానీ ఆఫీసు సంగతి తెలుసు. ఆవేళ నీ పక్కన నిలబడింది నేనే కదరా?" అంది.

"అక్కా, సాయంత్రం కచేరీకి టైమవుతోంది..."

"ఇంకా రెండు గంటలుంది, కూర్చో. పెద్దాయనా, వీడి దగ్గర ఒక్క కాగితం లేదు. అన్నీ నోటిమాట పనులే. ఫోటోలు తెమ్మన్నారు. ఏ ఫోటోలో చూసినా నేనూ నా మెరుపుల గౌనూ, వీడెప్పుడూ స్పీకరు వెనకే! వీడు ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే నేనే ఊరూరికీ ఫోన్లు చేసి తెప్పించాను. ఏడు ఉత్సవాలు, ఏడు ఫోటోలు. ఏడింట్లోనూ స్పీకరు పక్కనించి ఒక మోచెయ్యి, అంతే! కౌంటరమ్మాయి వాటిని చూసింది, వీణ్ణి చూసింది. ఆఫీసుకని నిండుచేతుల చొక్కా వేసుకొచ్చాడు. 'చెయ్యి పైకి మడవండి' అంది. మడిచాడు. ఫోటోల్లో ఉన్న కాలిన మచ్చ అక్కడే ఉంది. ముద్ర వేసింది. వీడు ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. బయటికొచ్చేసరికి మాస్కు కన్నీళ్ళకి తడిసి ముద్దయింది."

తియాన్‌సెంగ్ నేల చూపులు చూశాడు. పని పోయిందనే అనుకున్నాడు.

ఖాంగ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆ ఏడింట్లో మా గుడి ఉందా అమ్మా?"

"రెండోది మీదే. కచేరీ మధ్యలో వాన కుమ్మేసిన ఏడాది."

"గుర్తుంది. ఆ వానలో స్పీకర్ల మీద టార్పాలిన్ పట్టుకుని, పాట ఆగకుండా కాచిన చెయ్యి నీదేనా తియాన్‌సెంగ్?"

"నాదే." అతను జీవితంలో అంత చిన్న మాట ఎన్నడూ అనలేదు.

"అయితే పదిహేనో తేదీ పొద్దున్నే వచ్చెయ్."

హోక్‌సుయికి ఉండబట్టలేదు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదన్నా?"

"మోచెయ్యి కథ ఎవడు వింటాడ్రా?"

"నేను విన్నానుగా," అన్నాడు ఖాంగ్.