లేని ఊబి నేలలకు శాలువా

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహిస్తున్న మా పెద్దాఫీసరు జయశ్రీ మేడం గారికి, ముందు వరుసల పెద్దలకు, నడుమ స్నేహితులకు, టిఫిన్ వచ్చిందా అని తొంగి చూస్తున్న మా సర్వే ఆఫీసోళ్లకు ఈ యోసేపు నమస్కారాలు. (నవ్వులు)

మేడం నన్ను చాలా పొగిడిన్రు. 2004ల పట్నం నుంచి ఒక కంప్యూటరు, ఒక కాగితం వచ్చినయ్: మీ దిక్కు పీట్ నేలలన్నీ కొలిచి డేటాబేసుల ఎక్కించున్రి అని. పీట్ అంటే ఏందో నాకు తెల్వదు. ఏండ్లకేండ్లు నీళ్లల్ల గడ్డి మురిగి పేరుకున్న నల్లటి ఊబి నేల అని మా ఆపరేటరు శైలజమ్మ చదివి చెప్పింది. తాగనీకె నీళ్లు లేని పాలమూర్ల గడ్డి మురగనీకె నీళ్లు యాడివి? అయినా ఇనుప చువ్వ పట్టుకొని ఊరూరు తిరిగి గుచ్చిన. మానవపాడుల మల్లన్న నేను బోరు పాయింటు చూస్తున్న అనుకొని నా అరచేతుల కొబ్బరికాయ పెట్టిండు. నేను చువ్వ గుచ్చిన కాడ బోరేసిండు, దుమ్ము తప్ప ఏం రాలే. అదిగో, ఇప్పుడు గూడ మొకం తిప్పుకున్నడు! (నవ్వులు)

అన్ని ఊర్లకు సున్నా కొట్టమన్న. కంప్యూటరు సున్నా తీసుకోదంట, 'సరైన అంకె వేయండి' అంటది. సరే, లోతు ఒకటి అని వేయమ్మా అన్న. గట్ల నూట నలభై మూడు ఊర్లల్ల పీట్ నేల పుట్టింది, వీపనగండ్ల దిక్కు ఉత్త బండ మీద గూడ పుట్టింది. రాష్ట్రంల మనదే మొదటి స్థానమని ఉత్తరమొచ్చింది. ఈ శాలువా గందుకే.

మేడం, కోపం చేయకున్రి. వచ్చే నెల పరిశోధన చేసేటోళ్లు వస్తున్నరని మీరే చెప్పిన్రు, గందుకే నోరు తెరుస్తున్న. నిజమైన పీట్ నేల నాకు ఒక్కటే దొరికింది, నల్లమలల. ఒక అవ్వ చూపించింది, చువ్వ మోకాలి లోతు దిగింది. ఎండకాలం పదకొండు ఇండ్లోళ్లకు ఆ ఊబిల తవ్వుకున్న చెలిమె నీళ్లే దిక్కు. "రాస్కో కొడుకా. రాసినంక మమ్ముల ఈడి నుంచి లేవగొడతరా?" అనడిగింది. రాసుకున్న కాగితం ఆడ్నే చింపేసిన. ముప్పై రెండేండ్ల నౌకరీల నాకు గర్వమనిపించే పని గదొక్కటే.

వచ్చేటోళ్లకు నూట నలభై మూడూ వరుసగా చూపించున్రి, జర నిమ్మళంగ. ఏండ్లు పడుతయ్, అందాక నల్లమల దిక్కు ఎవ్వరు పోరు. శాలువా నేను ఉంచుకోను, అవ్వకు చలి ఎక్కువ. ఇంతసేపు విన్నందుకు మీకందరికీ దండాలు. ఆఖరి వరుసల ఎవరన్న లేచి పోతుంటే మాత్రం వెనక్కి తిరిగి చూడకున్రి. అవ్వా, నువ్వు నడువు, బస్సు కాడికి నేనొస్తున్న.

సెలవు.