పెద్ద డాక్టరు కుర్చీలో మా అత్తగారు

గొంతు తగ్గించాలా? నాదీ ఒక గొంతేనా మనవరాలా, మా అత్తగారిది వినాలి నువ్వు. అదే, మీ అమ్మమ్మ వాళ్లమ్మ. వీధంతా మైకమ్మ అనేవాళ్లు. ఆవిడ తుమ్మితే సందు చివర టైలరు మిషను ఆపేవాడు. నన్ను ఎంతో మర్యాదగా ‘అల్లుడుగారూ’ అని పిలిచి, ‘మీరు ఉత్త దద్దమ్మలండీ’ అనేది. ఎక్కడున్నాను? ఆఁ, మీ అమ్మమ్మకి ఆరో నెల. తొలిచూలు, మీ అమ్మ ఇంకా పుట్టలేదు. స్కానింగు చేసి, బిడ్డకి తల పైభాగమే ఏర్పడలేదు, పుట్టినా బతకదు అన్నారు. మీ అమ్మమ్మ ఒక్కటే మాట, ఇంక మొయ్యలేను, తీయించెయ్యండి అని. ఆసుపత్రికెళ్తే పెద్ద డాక్టరు నెలలు దాటాయి, కమిటీ ఒప్పుకోవాలన్నాడు. కమిటీలో ఒకాయన సెలవు, ఇంకొకాయన మేనల్లుడి పెళ్లి. కడుపు ఆగుతుందా వాళ్లకోసం? ఈలోగా ఎదురింటావిడ, ఊరవతల ఒకామె పుల్ల పెట్టి తీసేస్తుందని నా చెవిలో ఊదింది. దద్దమ్మని కదా, ఇల్లెక్కడని కూడా అడిగాను. మా అత్తగారు విని, చాలా మెల్లగా, ‘నా చెల్లెలు అలాగే పోయింది’ అంది. అంతవరకూ ఆవిడకో చెల్లెలుందనే తెలీదు మాకు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి పెద్ద డాక్టరు కుర్చీలో కూలబడింది. ఆయన వార్డులు తిరిగొచ్చి, ఏంటమ్మా ఇదంటే, ‘కమిటీ కోసం బాబూ. మీరూ కూర్చోండి, అదిగో, రోగుల స్టూలు ఖాళీయే’ అంది. చట్టం ఉందమ్మా అన్నాడు పాపం. ‘లేదన్నానా? ఆ చట్టమే కమిటీని కూర్చోమంటోంది. కూర్చోబెట్టండి.’ వరండాలో కడుపుతో ఉన్నవాళ్లంతా వింటున్నారు, ఆ గొంతుకి తలుపులు అడ్డమా? అరటిపండు వలుచుకు తింటూ కదల్లేదు మహాతల్లి. మధ్యాహ్నానికి సెలవాయన దొరికాడు. పెళ్లాయన కొత్తబట్టల్లోనే, సెంటు వాసనేస్తూ దిగాడు. సంతకాలయ్యాయి. లేడీ డాక్టరు దగ్గరుండి, రక్తం సిద్ధంగా పెట్టుకుని, మందులిచ్చి కానిచ్చింది. మీ అమ్మమ్మకి జ్వరమన్నా రాలేదు.

తర్వాత, బిడ్డని చూస్తానంది. వద్దే అన్నాన్నేను. ‘మీరు బయటికి నడవండి అల్లుడుగారూ’ అని, బిడ్డ తల కప్పి, గుడ్డలో చుట్టి, మా అత్తగారే తెచ్చి ఒళ్లో పెట్టింది. తలుపు సందులోంచి చూశాను. తల్లీకూతుళ్లిద్దరూ ఆ పాదాలు పట్టుకుని, ‘వేళ్లు నీవేనే,’ ‘కాదమ్మా, ఆయనవి’...

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా. చలేస్తోంది.