చెప్పులో పట్టని కాలు

కొట్టు మూసే వేళకి వడ్రంగి భార్య వచ్చింది. ఆయన ఎడమ కాలు చెప్పులో పట్టడం లేదు.

"ఏవండీ, మళ్లీ ఆ వాపేంటి? రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారా?"

"మానేశాను."

"అయ్యో! ఎందుకూ?"

"ఉలి కాస్త తగిలితే చాలు, రక్తం ఓ పట్టాన ఆగట్లేదే. కొత్త తలుపంతా మరకలు."

"ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి గానీ, సొంత వైద్యమా? కారే రక్తమైతే కనబడుతుంది, గుడ్డతో నొక్కి పట్టుకుంటాను. పోయినసారిలా కాల్లో గడ్డ కట్టి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే దేన్ని పట్టుకోను?"

"నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

"పడనివ్వండి. మీరుంటేనే కదా నాకా కంగారు! పదండి ఆస్పత్రికి."

"గడియ బిగించడం మిగిలిందే..."

"ఏవండీ."

ఆయన ఉలి పక్కన పెట్టి, ఆమె భుజం పట్టుకుని లేచాడు.