వకీలు మునిగిన చోటు

పొగమంచు కమ్మి ఫెర్రీ ఆగిపోతే రేవు పక్క కాఫీ కొట్టులో కూర్చోవడం తప్ప కొండల నడుమకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయ, ఆ ఫ్యోర్డు ఒడ్డు జనానికి వేరే పని ఉండదు. ఆ ఉత్తరాది చలికాలంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. కొట్టు నడిపే బోర్‌గిల్ గళ్ళ పెనం మీద వాఫుల్ అట్లు పోస్తోంది. పొయ్యి దగ్గర కుర్చీలో కాళ్ళు చాపుకుని తోర్గేర్ వకీలు కూర్చున్నాడు. ఆయనకి ఎదురుగా రాగ్న.

రాగ్న కావాలనే వచ్చింది. ఆమె మొగుడు ఐవిన్ జింకు కార్ఖానా పడవ నడిపేవాడు. పాదరసం నిండిన పీపాల్ని కార్ఖానావాళ్ళు క్రోక్వీక అనే సముద్రపు ఒంపులో ముంచారనీ, మోసుకెళ్ళింది తానేననీ, చేతులు వణికే రోగం దాంతోనే పట్టుకుందనీ చెప్పాడు. ఆ ఒంపులో సరిగ్గా ఎక్కడో మాత్రం చెప్పలేదు. చోటు గురించి నోరు మెదపనని కార్ఖానావాళ్ళ కాగితం మీద సంతకం పెట్టాడు, ఆ మాట మీదే నిలబడి కన్నుమూశాడు. రేపు పొద్దున ఊరి సభవాళ్ళు అదే ఒంపులో పిల్లల ఈతరేవుకి స్తంభాలు దింపాలని తీర్మానం చేస్తారు. చోటు చూపిస్తే ఆపుతామన్నారు. అంత నీళ్ళలో ఆమె ఎక్కడని వేలు పెట్టి చూపిస్తుంది? చోటు తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, ఐవిన్ తరఫున మాట్లాడిన ఈ వకీలు. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆ కాగితమే చూపించి తలుపేసుకున్నాడు. అయితే నమ్మనివాళ్ళ ఎదుట ఆయన నోరు ఆగదన్న సంగతి ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తెలుసు.

"విషాల కేసులు వాదించానంటారు గానీ వకీలు గారూ, నాకైతే నమ్మకం లేదు," అంది రాగ్న. "నీళ్ళలో ఏముందో మీకేం తెలుస్తుంది? మీకు తెలిసేది కాగితాలేగా."

తోర్గేర్ కప్పు కింద పెట్టాడు.

"కాగితాలా? రాగ్నమ్మా, నేను సీసా మూత తీసి వాసన చూసి అవి కార్ఖానా ఏ గొట్టంలోంచి వచ్చిన నీళ్ళో చెప్పేవాణ్ణి. అదేం పెద్ద విద్య కాదులే, మొదట్లో సంగతి. రాను రాను నాలిక పదునెక్కింది, ఒక్క చుక్క వేసుకుంటే చాలు, ఆ నీళ్ళు ఏ రోజు వదిలారో, ఆ రోజు కాపలా ఎవరో కూడా తెలిసిపోయేది. నేను పెదాలు తడుపుకుంటే కార్ఖానా ఇంజనీర్లు బల్ల కింద దూరేవాళ్ళు."

"దాహమేసి తడుపుకున్నా దూరేవాళ్ళా?" అన్నాడు వలలు వేసే మోన్స్. అతనికి యాభై దాటాయి, వకీలు కోతలు చిన్నప్పట్నించీ వింటున్నాడు.

"దూరేవాళ్ళు. సరే, కేసు కోర్టుకొచ్చింది. జడ్జి తాగుదామని గ్లాసు ఎత్తాడు. గ్లాసులో నీళ్ళు వాటంతటవే కదిలాయి. వెండి గింజల్లా విడిపోయి అడుక్కి దిగాయి. ఆ గింజలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పోయి, అన్నీ కలిసి ఒకే కన్నుగా మారాయి. ఆ కన్ను జడ్జిని చూసింది. అప్పుడు జడ్జి ఏం చేశాడో చెప్పండి చూద్దాం."

బయట మంచులో రేవు బూర మోగింది.

"వాయిదా వేసుంటాడు," అన్నాడు మోన్స్.

"వెయ్యలేదు. సాక్షుల్ని తెమ్మన్నాడు. నా సాక్షులంతా చచ్చిపోయారు కదా. భోజనాల వేళకి తెస్తానని, కోటు విప్పి మడతపెట్టి రాతి మీద పెట్టి మునిగాను. నలభై బారల లోతు, ఒకే ఊపిరి."

"తినకుండానే?" అంది బోర్‌గిల్.

"ఎండుచేప ముక్క బుగ్గన పెట్టుకుని. అడుగున వెలుతురుంది, ఎక్కడిదని అడక్కండి. చర్చిలో బల్లల్లా పీపాలు వరసలు కట్టి ఉన్నాయి, నలభై. ఒక్కో పీపా పక్కన ఒక్కో మనిషి. రబ్బరు తొడుగుల్లో చేతులు, ఒక్క చెయ్యీ వణకడం లేదు. జుట్టు మాత్రం పాచిలా పైకి ఊగుతోంది. నన్ను చూసి టోపీలు తీశారు. ముందున్నవాడు అడిగాడు, షిఫ్టు అయిపోయిందా వకీలు గారూ అని. నీళ్ళలో మాట చెవికి వినపడదు. నాకు పళ్ళలో వినిపించింది."

వణకని చేతులన్న మాట రాగ్నకి ముల్లులా దిగింది. ఐవిన్ చివరి రోజుల్లో చెంచా కూడా ఆమే పట్టేది. అయినా బలవంతాన నవ్వింది.

"అడుగున అంటే ఎక్కడ? గుర్తుల్లేని మాట మా ఇంట్లో పిల్లి కూడా నమ్మదు."

ఆ ఒడ్డున అది చిన్న మాట కాదు. నడినీళ్ళలో ఒక చోటు మళ్ళీ పట్టుకోవాలంటే ఒడ్డు మీది గుర్తులు ఒకదాని మీదికి ఒకటి రావాలి. అలాంటి వరసలు రెండు కలిసిన చోటే ఆ చోటు. చేపలు పడే తావుల్ని తాతలు మనవలకి అలాగే అప్పజెప్తారు. గుర్తులు చెప్పలేనివాడు అక్కడికి పోనట్టే లెక్క.

"అవును, గుర్తులు చెప్పండి," అన్నాడు మోన్స్. "లేకపోతే స్నానాల తొట్లో మునిగారనుకుంటాం."

అందరూ నవ్వారు. వకీలు చెవులు ఎర్రబడ్డాయి.

"చర్చి శిఖరం ఎర్ర పడవలపాక అంచు మీదికి రావాలి. అదే సమయానికి గుండ్రాయి దీవి వెనకనుంచి దీపస్తంభం అప్పుడే బయటపడాలి. అదీ చోటు. ఇక అక్కణ్ణించి నలభై మందినీ భుజాలకెత్తుకుని తేలాను. తడిబట్టల్తో కోర్టు మెట్లెక్కారు. ఒక్కొక్కడు ప్రమాణం చేస్తుంటే నోట్లోంచి ఉప్పునీళ్ళు కారి జడ్జి బూట్లదాకా వచ్చాయి. ఆ సాయంత్రానికి జడ్జి తల..."

నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయని అప్పుడు చూశాడు. వాఫుల్ పెనం మాడి పొగలొస్తున్నా బోర్‌గిల్ పట్టించుకోలేదు.

"అక్కడ మా నాన్న వల రెండుసార్లు చిరిగింది," అన్నాడు మోన్స్ మెల్లగా. "ఫెర్రీ దారిలో దీవి వెనక దీపస్తంభం కనపడదు. ఫెర్రీ తప్ప ఇంకో పడవ ఎక్కనివాడికి ఆ గుర్తు ఎలా తెలిసింది?"

రాగ్న లేచి నిలబడింది.

"కోర్టే జరగలేదు వకీలు గారూ. జడ్జీ లేడు, గ్లాసూ లేదు. మా వంటింటి బల్ల మీద సంతకం చేయించారు. చెయ్యి వణుకుతుంటే ఆయన మణికట్టు పట్టుకున్నది మీరే. మీకు ఈత రాదు. ఆ గుర్తులు ఐవిన్ మీకు చెప్పినవి."

తోర్గేర్ చూపు కప్పులోకి దించాడు.

"కోతలమ్మా," అన్నాడు. "నా మాట సభలో ఎవడు నమ్ముతాడు?"

"మీ మాట ఎవరూ నమ్మక్కర్లేదు. పొద్దున్నే సభవాళ్ళని మోన్స్ పడవ ఎక్కించి, వాళ్ళ ఎదుటే ఆ చోట నీళ్ళలోకి కెమెరా దింపిస్తాను."

మోన్స్ అప్పటికే పెన్సిలు తీసి వాఫుల్ కాగితం మీద రాస్తున్నాడు. రాస్తూ పైకే చదువుతున్నాడు. "చర్చి శిఖరం... ఎర్ర పాక ఎడమ అంచు మీద..."

"ఎడమ కాదు," అన్నాడు తోర్గేర్, తల ఎత్తకుండానే. "కుడి అంచు."