రెండో చరణం ఎవరిది?

పెద్దాపురంలో మరిడమ్మ జాతర. సాయంత్రం పాటల ప్రోగ్రాం. మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరే: ఆర్కెస్ట్రా నడిపే చంద్రరావు, అందులో పాడే అతని భార్య ప్రసన్నలక్ష్మి.

“మొహమాటం లేకుండా చెప్పు ప్రసన్నా. ఇవాళ కొత్త పాట ఉంటుందని కమిటీ చిట్టియ్య గారికి మాటిచ్చేశాను. పల్లవి మళ్ళీ వినిపించనా?”

“విన్నానండీ. ‘వాడిన మల్లె మన వలపు, వీడిన నీడ నీ పిలుపు.’ మల్లెపూలు లేకుండా ఒక్క పాటా రాయలేరా మీరు?”

“జనానికి అదే ఎక్కుతుంది.”

“ఎక్కుతుంది. అంతే తొందరగా దిగిపోతుంది.”

“సరే, మారుస్తాను. ఇంకా?”

“మొదటి చరణంలో పాడే మనిషి తప్పేం లేదు. ప్రేమ చల్లారిందంటే అంతా అవతలి మనిషి వల్లే. రాసింది మీరు. మరి అవతలి మనిషెవరండీ?”

“పాటని పాటలా విను. అందులో మనిల్లు వెతక్కు.”

“వెతకలేదు, కనబడింది. సరే, ఎవరు పాడతారు?”

“ఎవరేంటి… పాడతారు.”

“చరణం చివర అంత పైకి ఎత్తారు. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక నా గొంతు అక్కడికి పోదని మీకు తెలుసు. అప్పట్నుంచీ నా పాటలన్నీ కిందకి దించే కడుతున్నారు.”

“ట్యూన్ అలా వచ్చింది.”

“అలా రాదండీ. గొంతు చూసి కడతారు మీరు, టైలర్ కొలతలు తీసుకున్నట్టు. ఎవరి కొలతలివి?”

“…దేవిశ్రీ పాడుతుంది.”

“నేను నేర్పిన పిల్ల.”

“నేర్పావు, కాదనను. ఇప్పుడు గొంతు దానిది. జనం దాన్నే అడుగుతున్నారు.”

“జనమా, మీరా?”

“ప్రసన్నా.”

“సరే, జనమే. మరి నేను?”

“మొదట్లో అమ్మవారి పాట పాడు. తర్వాత కోరస్ చూసుకో.”

“పెళ్ళాం మీద ప్రేమ పోయిందని పాట రాశారు. ఇంకో అమ్మాయి పాడుతుంటే నేను వెనకాల ‘ఆ… ఆ…’ అనాలి. పైగా బాగుందో లేదో నన్నే అడుగుతున్నారు.”

“నువ్వు బాగుందంటే తప్ప నాకు నమ్మకం కుదరదు. అలవాటైపోయింది.”

“అంటే నా చెవులు కావాలి. మిగతా మనిషి అక్కర్లేదు.”

“ఇప్పుడు గొడవొద్దు. రెండో చరణం ఎలా ఉందో ఒక్కటి చెప్పు, చాలు.”

“‘కసిరినా నయమే ఒకప్పటిలా, మర్యాద చేస్తావేం చుట్టంలా.’ పాట మొత్తానికి నిజమైన మాట ఇదొక్కటే. ఇది మీరు రాయలేదు.”

“ఎందుకు రాయలేదూ?”

“మీరైతే ఇక్కడ వెన్నెల పెట్టేవారు. ఎవరిదండీ?”

“…దేవిశ్రీది. పోయినవారం చరణం కుదరట్లేదన్నాను. మర్నాడే రాసుకొచ్చింది. ఆ వయసులో ఆ లోతు చూశావా? నా మనసులో ఉన్నది నాకంటే ముందు దానికి తెలిసింది. దాచడం ఎందుకు, ఆ రెండు లైన్ల దగ్గరే నేను పడిపోయాను. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నావు. ఒక్కరోజైనా నా దగ్గర ఇలాంటి మాట అన్నావా?”

“అనలేదు. మీరడగలేదు. అదొచ్చి, ‘మొగుడూ పెళ్ళాల పాటంటక్కా, ఒక చరణం చెప్పవా’ అని అడిగింది. ఇదిగో, ఈ పొయ్యి దగ్గరే నిలబడి, పప్పుకి తాలింపు పెడుతూ చెప్పాను. ఎవరి మీద పాటో నాకు అప్పుడు తెలియదు.”