ఎర్రదారం గుండీ

సికింద్రాబాద్ మోండా మార్కెట్, 1950. పుస్తకాల దుకాణంలో సంతకాలు పెడుతున్న డిటెక్టివ్ నవలల రచయిత ముందు, చిన్నప్పుడు అతనికి చదువు చెప్పిన టీచరమ్మ నిలబడింది.

"మీరు సుత చదివిన్రా, టీచరమ్మా? ఇది మూడో ముద్రణ."

"చదివాను. శవం చొక్కాకు ఒక్క గుండీ మాత్రం ఎర్రదారంతో కుట్టి ఉందని రాశావు."

"అదంత ఉత్త కల్పన."

"తెల్లదారం అయిపోతే ఆ గుండీ నేనే కుట్టాను. పోలీస్ యాక్షన్ నాడు మా అబ్బాయి రిచర్డ్ ఆ చొక్కాతోనే బయటికి వెళ్ళాడు. వస్తాడని రెండేళ్ళుగా తలుపు గడియ వేయలేదు."

"నేను చూసేసరికే పానం పోయింది, టీచరమ్మా. భయమై ఎవ్వలికి చెప్పలే."

"మూడు ముద్రణల్లో ఊరందరికీ చెప్పావు కదా."

"సంతకం... పెట్టియ్యాల్నా?"

"సంతకం వద్దు. వాడు ఎక్కడ పడి ఉన్నాడో, అది రాసివ్వు."