మిరుగం నాటి కొర్రమట్ట పిల్లలు

మట్టెవాడలో ఒక అద్దె ఇల్లు. 1983, మృగశిర కార్తె నాటి మధ్యాహ్నం. పెరట్లో సిమెంటు తొట్టి పక్కన జంతుశాస్త్రం లెక్చరరు వెంకట్రాజం, అతని భార్య పద్మ.

“మల్లొకసారి లెక్కవెట్టిన పద్మా. రెండు తక్కువున్నయి.”

“పిల్లి ఎత్కపోయిందేమో.”

“తొట్టి మీద ఇనుప జాలి ఉన్నది. పిల్లి జాలి తీసి, రెండే తీస్కొని, మల్ల జాలి కప్పి పోయిందా?”

“ఏమో. నాకేం ఎరుక.”

“నా దిక్కు చూసి చెప్పు.”

“కోపం చెయ్యనంటే చెప్త.”

“చెయ్య. చెప్పు.”

“పొద్దుగాల కట్టయ్య మామ వచ్చిండు. ఏటా మిరుగం నాడు దమ్ము రోగమున్నోళ్లకు మందిస్తడు గదా, చేపపిల్ల నోట్ల పెట్టి. ఈసారి ఆయనకు కొర్రమట్ట పిల్లలు సరిపోలేదట. బజార్ల తెచ్చినయి సగం చచ్చినయట. రెండుంటే ఇయ్యి బిడ్డా అన్నడు.”

“ఇచ్చినవా?”

“పుణ్యమే గదా అనుకున్న. ఏంది, అట్ల చూస్తాండ్రు? తొట్టి నిండ ఉన్నయి, రెండు పోతే ఏమైతది?”

“వండిండ్రా?”

“మందు చేపను ఎవలన్న వండుతరా? బతికున్నది అట్లనే మింగుడే గదా.”

“అయ్యో.”

“ఏమైంది? కూసుండ్రి ముందు.”

“జర నీళ్లియ్యి. వద్దు, ఉండు, ఏడికి పోకు. ఎప్పుడు మింగిండ్రు?”

“జరసేపైంది, అంతే. అన్నం తినకముందు మింగాలె గదా. ఏమైందో చెప్పుండ్రి, నాకు భయమైతాంది.”

“అవి రోగం చేపలు పద్మా.”

“రోగమెక్కడిది? నేను చూస్తలేనా? రోజు మీ చేతులతోనే మేతేస్తిరి. నీళ్లు మారుస్తిరి. ఎండాకాలం కాలేజీల నీళ్లు లేక చస్తయని ఇంటికి తెచ్చి పిల్లల్ని సాకినట్టు సాకితిరి. వరంగల్ల మొత్తంల గింత మంచి కొర్రమట్ట పిల్లలు దొరకయని కట్టయ్య మామతోటి నేనే అన్న.”

“అది మేత గాదు.”

“మరేంది?”

“కంటికి ఆనని నీటిపురుగులు. వాటి కడుపుల ఇంకో పురుగు పిల్ల ఉంటది. చేప వాటిని తినాలె, లోపలి పురుగు చేప కండల కూసోవాలె, నేను కోసి చూడాలె. గదే నా రీసర్చి. ధర్మసాగర్ నుంచి మంచి చేపలే తెచ్చిన. రోగం నేను పెట్టిన.”

“నాకు చెప్పలేదు గదా మీరు.”

“చెప్తే ఇంట్ల ఉండనిస్తవా?”

“మనిషి మింగితే ఏమైతది?”

“వండితే చస్తది. పచ్చిగ మింగితే కడుపు దాటి పోతది. తోలు కింద పాకుతది. ఇయ్యాల ఆడ వాస్తది, రేపు ఈడ వాస్తది. కంట్లకు పోతే కన్ను...”

“ఆగుండ్రి.”

“తలకెక్కితే మనిషి దక్కుడు కష్టం.”

“ఆగుండ్రి అంటాన్న గదా. మందు లేదా దీనికి?”

“కడుపు దాటినంక సరైన మందు లేదు. ఇప్పుడైతే... ఇప్పటికిప్పుడు కక్కిస్తే బయట పడొచ్చు. పొద్దుగూకితే అదీ లేదు. కట్టయ్య ఎవలకిచ్చిండు?”

“ఒకటి ఖతీజాబీ కొడుక్కు.”

“మన పక్కింటి పిలగానికా? ఇంకోటి?”

“ఇంకోటి... ఎవలో చిన్న పిల్లకు. అదంత తర్వాత. నేను పోతాన్న. ఖతీజాబీకి చెప్త, పిలగాన్ని దవాఖానకు తీస్కపోతది, వాళ్లే కక్కిస్తరు.”

“ఆగు. ఏమని చెప్తవు?”

“ఉన్నదే చెప్త.”

“ఉన్నదంటే? మా ఇంట్ల పురుగులు పెంచుతానం, నీ కొడుకు గదే మింగిండు అంటవా? వాడకట్టంత ఇంటి మీదికొస్తది. ఈ చేపల్ని కాలేజి నుంచి ఎవల్ని అడగకుండ తెచ్చిన నేను. మా రీసర్చి సారుకు తెలిస్తే డాక్టరేటు పోతది, నౌకరి పోతది.”

“పిలగాని పానం...”

“పానం పానం అనకు. జర ఆలోచన చెయ్యనియ్యి.”

“పొద్దుగూకితే ఏం లేదంటిరి.”

“అన్ని చేపలల్ల పురుగుండది.”

“మీరే పెట్టిన అంటిరి.”

“పెట్టినంత మాత్రాన అన్నిట్ల నిలుస్తదా? నేను ఊకెనే భయపడి నిన్ను భయపెట్టిన. మనిషి కడుపుల గంత అలకగ బతుకది.”

“ఇందాక వేరే చెప్తిరి.”

“ఇందాక గుండె జల్లుమని ఏదో అన్న. కట్టయ్య ఏటా ఎంతమందికి మింగిస్తలేడు? ఒక్కలకన్న ఏమన్న అయ్యిందా?”

“కాలే.”

“మరి? ఎవలకు చెప్పకు. నాకు మన ఇంటి ఫికరుంటది గదా. మన చిన్నది ఉన్నది. నా నౌకరి పోతే దాని గతేంది?”

“అంటే నిజంగ ఏం గాదా?”

“గాదు.”

“నా మీద చెయ్యి వెట్టి చెప్పుండ్రి.”

“నీ మీద ఒట్టు. ఏం గాదు. కక్కిచ్చుడు వద్దు, దవాఖాన వద్దు. నువ్వు సప్పుడు చెయ్యకుండ ఉండు.”

“ఇప్పుడు నా పానం నిమ్మలమైంది. మీకెట్ల చెప్పాల్నో తెల్వక దాచిన ఇంతసేపు. రెండోది మింగింది మన చిన్నదే. దాని దమ్ము రోగం పోతదని నేనే నోరు తెరిపిచ్చి మింగిచ్చిన.”